మర్దన చికిత్స: ప్రయోజనాలు, పరిమితులు

చేతులతో ఒంటిని నిమిరి, పిసికి, రుద్ది, ఒత్తి, తట్టి నొప్పినీ బిగువునూ తగ్గించే వైద్య పద్ధతిని మర్దన చికిత్స అంటారు. నూనెతో చేసే మర్దన ఉంది, పొడి చేతులతో చేసేదీ ఉంది. ఆయుర్వేదం, యునానీ, చైనా వైద్యం, ప్రాచీన గ్రీకు వైద్యం అన్నిటిలోనూ దీనికి చోటుంది. ఆధునిక ఫిజియోథెరపీ పుట్టుకలోనూ దీని పాత్ర పెద్దది. గత 40 ఏళ్ళలో మర్దన మీద ఆసుపత్రుల్లో, ప్రయోగశాలల్లో వందల అధ్యయనాలు జరిగాయి. నడుము నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ళ అరుగుదల, ఆందోళన వంటి బాధలకు మర్దన నిజమైన ఊరట ఇస్తుందని వాటివల్ల తేలింది. ఆ ఊరట ఓ మోస్తరుది. చాలా సందర్భాల్లో కొన్ని వారాలకో నెలలకో తగ్గిపోయేది. అందువల్ల మర్దనను మందుకూ వ్యాయామానికీ తోడుగా వాడుకోవాలి తప్ప వాటి స్థానంలో పెట్టకూడదు.

చేతి కదలికలు, పద్ధతులు

మర్దనలో ప్రధానమైన చేతి కదలికలు అయిదు. మొదటిది నిమరడం. అరచేతిని ఒంటికి ఆనించి, గుండె వైపుగా నెమ్మదిగా జరుపుతారు. మర్దన మొదలయ్యేదీ ముగిసేదీ దీనితోనే. రెండవది పిసకడం. కండను వేళ్ళ మధ్యకు తీసుకుని, ఎత్తి, పిండి వదులుతారు. మూడవది రుద్దడం. బొటనవేలితో గానీ వేళ్ళ కొసలతో గానీ ఒకేచోట చిన్న సుళ్ళుగా, లోతుగా రాపిడి కలిగిస్తారు. కండరం ఎముకకు అతుక్కునే చోట్ల, పాత గాయం మానిన మచ్చల దగ్గర ఇది ఎక్కువగా వాడతారు. నాలుగవది తట్టడం, అయిదవది వణికించడం.

ఈ అయిదింటి కలయికే స్వీడిష్ మర్దన. ఆసుపత్రుల్లో ఎక్కువగా పరీక్షకు పెట్టినదీ ఇదే. జపాన్ వారి షియాట్సులో నూనె ఉండదు. బొటనవేళ్ళతో, అరచేతులతో ఒక్కోచోట నొక్కి పడతారు. థాయ్ మర్దన నేల మీద పరచిన పరుపుపై, ఒంటిమీద బట్టలు ఉండగానే జరుగుతుంది. ఒత్తడంతో పాటు చేతులనూ కాళ్ళనూ నడుమునూ సాగదీస్తారు. ఆయుర్వేద అభ్యంగనంలో గోరువెచ్చని నూనెకే ప్రాధాన్యం. కేరళలో పిళిచ్చిల్ అనే చికిత్సలో వెచ్చని నూనెను ధారగా పోస్తూ మర్దిస్తారు. కలరి అనే యుద్ధవిద్య నేర్చేవారికి ఉళిచ్చిల్ అనే మర్దన చేస్తారు. ఒంట్లో లింఫ్ ద్రవం కదలడానికి చేసే లింఫ్ మర్దన వీటన్నిటికంటే తేలికైనది. చర్మం మాత్రమే కదిలేంత మెల్లగా చేతులు జరుపుతారు.

చరిత్ర

చరకసంహిత సూత్రస్థానంలో రోజువారీ ఆరోగ్య నియమాలు చెప్పే అయిదవ అధ్యాయం అభ్యంగనాన్ని వివరిస్తుంది. వాగ్భటుడి అష్టాంగహృదయం ఒంటికి రోజూ నూనె పట్టించుకోమని, తలనూ చెవులనూ పాదాలనూ మరవవద్దని చెబుతుంది. అలసట తీరుతుందని, నిద్ర బాగా పడుతుందని అంటుంది. కఫం పెరిగినవారు, అజీర్తితో ఉన్నవారు, వాంతి, విరేచనాల వంటి శోధన చికిత్స అప్పుడే పూర్తయినవారు అభ్యంగనం చేయించుకోవద్దని హెచ్చరించేదీ ఆ గ్రంథమే. ఎవరికి మేలో చెప్పినచోటే ఎవరికి తగదో కూడా చెప్పడం ఆనాటి వైద్యుల వివేకం. ఆ వివేకం ఈనాటి మర్దనశాలల ప్రకటనల్లో కనిపించదు.

గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ పేర ఉన్న గ్రంథాలు వైద్యుడికి రుద్దే విద్య తెలిసి ఉండాలంటాయి. రోమన్ కాలంలో పెర్గమం నగరపు గ్లాడియేటర్లకు వైద్యుడిగా పనిచేసిన గేలన్ మర్దన రకాల గురించి రాశాడు. పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా (980–1037) తన వైద్య గ్రంథంలో గట్టి మర్దన, మెత్తని మర్దన, వ్యాయామానికి ముందు చేసేది, తరువాత చేసేది అని వేరు చేసి చూపాడు. యునానీలో దల్క్ అనే పేరుతో ఈ విద్య నేటికీ ఉంది.

ఐరోపాలో దీనికి వైద్యరూపం వచ్చింది 19వ శతాబ్దంలో. స్వీడన్‌కు చెందిన పేర్ హెన్రిక్ లింగ్ (1776–1839) స్టాక్‌హోమ్‌లో 1813లో వ్యాయామ విద్యాసంస్థను నెలకొల్పి, వైద్య వ్యాయామాల్లో భాగంగా మర్దనను నేర్పించాడు. స్వీడిష్ మర్దన అనే పేరు ఆయన వల్లే స్థిరపడింది. అయితే నేడు వాడే చేతి కదలికల వర్గీకరణను నిలబెట్టినవాడు డచ్ వైద్యుడు యోహాన్ గియోర్గ్ మెట్స్‌గర్ (1838–1909). బెణికిన పాదానికి మర్దన చికిత్స మీద ఆయన 1868లో పరిశోధన గ్రంథం సమర్పించాడు. లండన్‌లో 1894లో నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మర్దన నిపుణుల సంఘాన్ని స్థాపించారు. మర్దన పేరుతో సాగుతున్న వ్యభిచారం నుంచి తమ వృత్తి గౌరవాన్ని కాపాడుకోవడం వారి ఉద్దేశం. ఆ సంఘమే 1920లో రాజశాసనం పొంది, 1944లో చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అయింది.

ఈ కథలో ఒక భారతీయుడూ ఉన్నాడు. 1759లో పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ ఇంగ్లండ్ చేరి, బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానంతో కూడిన భారతీయ మర్దనశాల నడిపాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకు మర్దన వైద్యుడిగా నియమితుడయ్యాడు. ఆసియా మర్దన విద్యలకు మన కాలంలోనూ గుర్తింపు దక్కుతోంది. థాయ్ మర్దనను యునెస్కో 2019లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

తెలుగునాట మర్దన

తెలుగు ఇళ్ళలో మర్దన పుట్టుకతోనే మొదలవుతుంది. ఇంట్లో పెద్దావిడో, స్నానం చేయించడానికి వచ్చే మనిషో కాళ్ళు చాపుకుని కూర్చుని, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టుకుంటుంది. నువ్వుల నూనో కొబ్బరి నూనో పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోస్తుంది. బాలింతకు నడుముకూ కాళ్ళకూ నూనె మర్దించి కాపడం పెడతారు. ఉగాదికీ, నరక చతుర్దశి తెల్లవారుజామునా ఇంటిల్లిపాదికీ తలంటు తప్పదు. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ చేసేటప్పుడు నలుగు పెడతారు. పొలం పనో కూలిపనో చేసి వచ్చిన పెద్దలకు పిల్లలు కాళ్ళు ఒత్తడం, క్షవరం అయ్యాక మంగలి తల మర్దన చేయడం నిత్యజీవితంలో భాగాలు.

హైదరాబాద్ పాతబస్తీ తాలీమ్‌ఖానాల్లో కుస్తీ పట్టే పహిల్వాన్లు మాలిష్ విద్యను తరతరాలుగా కాపాడుకొచ్చారు. చార్మినార్ పక్కనున్న నిజామియా యునానీ వైద్య కళాశాల, హైదరాబాద్, విజయవాడ, తిరుపతి నగరాల్లోని ఆయుర్వేద కళాశాలలు మర్దనను శాస్త్రంగా బోధిస్తాయి. ఇంటి ఆచారంగా, వృత్తివిద్యగా, వైద్యంగా మర్దన మూడు తీరుల్లోనూ మన మధ్య బతికే ఉంది.

శరీరంలో జరిగేది

నొప్పి ఉన్నచోట చేత్తో రుద్దగానే కాస్త హాయిగా ఉండటానికి కారణాన్ని రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. స్పర్శనూ ఒత్తిడినీ మోసే లావు నరాల సంకేతాలు వెన్నుపాము చేరి, సన్న నరాలు మోసుకొచ్చే నొప్పి సంకేతాలు పైకి పోకుండా కొంతవరకు అడ్డుపడతాయి. దీన్ని ద్వార నియంత్రణ సిద్ధాంతం అంటారు. తరువాతి పరిశోధనలు దీన్ని చాలా సవరించినా మూలసూత్రం నిలిచింది.

స్వీడన్ శాస్త్రవేత్తలు మరో విషయం కనిపెట్టారు. వెంట్రుకలున్న చర్మంలో మెల్లని, మృదువైన స్పర్శకు మాత్రమే స్పందించే ప్రత్యేక నరాలున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు అవి ఎక్కువగా స్పందిస్తాయి. తల్లి బిడ్డను నిమిరేదీ దాదాపు ఆ వేగంతోనే. ఈ సంకేతాలు మెదడులో భావోద్వేగాలతో సంబంధమున్న భాగాలకు చేరతాయి. మర్దన మనసును శాంతపరచడానికి ఇది ఒక ఆధారం.

కండరాల మీద ప్రభావాన్ని కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2012లో పరిశీలించింది. కఠిన వ్యాయామం చేసిన 11 మంది యువకులకు ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మర్దన చేసి, రెండు కాళ్ళ నుంచీ కండరపు ముక్కలు తీసి చూశారు. మర్దన చేసిన కాలిలో వాపు కలిగించే సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల వృద్ధికి తోడ్పడే సంకేతాలు పెరిగాయి. హార్వర్డ్ పరిశోధకులు 2021లో దెబ్బతిన్న ఎలుక కండరాలను యంత్రంతో లయబద్ధంగా నొక్కి చూశారు. వాపు కణాలు తొందరగా బయటికి పోయి, కండరం వేగంగా కోలుకుంది.

నడుము, మెడ, మోకాళ్ళ నొప్పులు

మర్దనకు అన్నిటికంటే గట్టి ఆధారాలు ఉన్నది ఇక్కడే. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 401 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 10 వారాలపాటు వారానికోసారి మర్దన పొందినవారు మామూలు వైద్యం మాత్రమే పొందినవారికంటే నొప్పి లేకుండా తిరగగలిగారు. ఆ మేలు 6 నెలల వరకు నిలిచింది. ఏడాది గడిచేసరికి తేడా బాగా తగ్గిపోయింది. లోతుగా చేసిన మర్దనకూ, హాయిగొలిపే మామూలు మర్దనకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గట్టిగా నొక్కితేనే గుణం అన్న నమ్మకానికి ఇది జవాబు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో మర్దనను చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పిపై విడుదల చేసిన మార్గదర్శకాల్లోనూ వ్యాయామం వంటి వాటితో పాటు మర్దన ఉంది.

మెడ నొప్పి విషయంలో ఎంతసేపు, ఎన్నిసార్లు చేయాలన్నది ముఖ్యం. 228 మందితో చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ 60 నిమిషాలు మర్దన పొందినవారికి ఎక్కువ గుణం కనిపించింది. 30 నిమిషాల మర్దన అంతగా ఫలించలేదు. మోకాళ్ళ అరుగుదలకు వారానికోసారి 60 నిమిషాల మర్దనను 8 వారాలు చేయించుకుంటే నొప్పి, బిగువు తగ్గాయని 2012 నాటి పరీక్ష చూపింది. ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాలో కనీసం 5 వారాలు సాగించిన మర్దన నొప్పినీ దిగులునూ తగ్గించిందని పరిశోధనల సమీక్ష తేల్చింది.

ఈ ఆధారాల బలం ఎంతో కూడా తెలుసుకోవాలి. 2024లో అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య విభాగం పరిశోధకులు అంతకుముందు వచ్చిన సమీక్షలను వడపోశారు. మర్దన నొప్పిని తగ్గిస్తుందన్న నిర్ధారణల్లో అత్యంత నమ్మదగినది అనదగ్గది ఒక్కటీ లేదని, మధ్యస్థంగా నమ్మదగినవి ఏడు ఉన్నాయని తేల్చారు. మాత్ర అయితే అసలుదో నకిలీదో రోగికి తెలియకుండా ఇచ్చి పరీక్షించవచ్చు. మర్దన జరిగిందో లేదో రోగికి తెలియకుండా ఉంచడం సాధ్యం కాదు. ఈ రంగంలో ఖచ్చితత్వం తక్కువ కావడానికి ముఖ్య కారణం అదే.

ఆందోళన, దిగులు, నిద్ర

2004లో 37 పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణ ప్రకారం వరసగా కొన్నిసార్లు మర్దన చేయించుకున్నవారిలో ఆందోళన, దిగులు చెప్పుకోదగ్గంత తగ్గాయి. ఒక్కసారి చేయించుకున్నా అప్పటి గాభరా, రక్తపోటు, గుండె వేగం కొంత తగ్గాయి. మర్దన ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను బాగా తగ్గిస్తుందని చాలాకాలం ప్రచారం జరిగింది. 2011లో జరిగిన మరో విశ్లేషణ ఆ తగ్గుదల చాలా స్వల్పమని చూపింది. అంటే మనసుకు కలిగే మేలు నిజమే, దానికి చెప్పిన కారణమే సరిపోలేదు. నొప్పి తగ్గడం, నరాలు శాంతించడం, ఒక మనిషి శ్రద్ధగా తనను పట్టించుకోవడం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఒంటరిగా ఉండే వృద్ధుల విషయంలో ఈ చివరిదాని విలువ ఎంత చెప్పినా తక్కువే.

పసిబిడ్డలు

అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలపై ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున, 10 రోజులు ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ మెల్లగా ఆడించారు. ఆ బిడ్డలు మర్దన లేని బిడ్డలకంటే రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. తరువాత వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ సమీక్ష ఈ లాభం సగటున రోజుకు సుమారు 5 గ్రాములని లెక్కకట్టి, పరీక్షల నాణ్యత మీద సందేహాలూ వెలిబుచ్చింది. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల ఎదుగుదలకు మర్దన తోడ్పడుతుందనడానికి గట్టి ఆధారాలు ఇంకా లేవు.

నూనె విషయంలో మన పొరుగునే ముఖ్యమైన పరిశోధన జరిగింది. బంగ్లాదేశ్‌లోని ఢాకాలో నెలలు నిండని బిడ్డల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె పట్టించినప్పుడు ఆసుపత్రిలో సోకే రక్త సంక్రమణలు 41 శాతం తగ్గాయని 2005లో తేలింది. మరణాలు 26 శాతం తగ్గాయని 2008 నాటి నివేదిక చెప్పింది. పలచని చర్మానికి నూనె పొర కవచంగా నిలవడం దీనికి కారణం. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డల ఒంటికి నూనె పట్టించడాన్ని పరిశీలించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు రక్షణ పొరను బలహీనపరుస్తాయని పరిశోధనలు చూపాయి. నువ్వుల నూనె, కొబ్బరి నూనె మీద భారతదేశంలో జరిగిన చిన్న పరీక్షలు అనుకూల ఫలితాలే ఇచ్చాయి. తెలుగు ఇళ్ళు వాడుతూ వచ్చినవీ అవే.

అయితే మన అలవాట్లలో వెంటనే మానాల్సినవి కొన్ని ఉన్నాయి. బిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రమాదకరమైన న్యుమోనియా తెస్తుంది. పాలు వస్తున్నాయని బిడ్డ చనుమొనలు పిండితే చీము పట్టవచ్చు. తల గుండ్రంగా రావాలని ఒత్తడం, కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం హానికరం. పాలు తాగిన వెంటనే కాకుండా, బిడ్డ మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు వెచ్చని గదిలో మెత్తగా మర్దించాలి. బిడ్డ ఏడిస్తే ఆపేయాలి.

గర్భిణులు, కాన్పు

నొప్పుల సమయంలో నడుము మీద ఒత్తి మర్దించడం బాధనూ భయాన్నీ కొంత తగ్గిస్తుంది. తొలి కాన్పు స్త్రీలు 35వ వారం నుంచి యోని ద్వారం దగ్గర వారానికి ఒకటి రెండుసార్లు మర్దన చేసుకుంటే కాన్పు సమయంలో కోత, కుట్ల అవసరం కొంత తగ్గుతుందని కోక్రేన్ సమీక్ష తెలిపింది. డాక్టరు లేదా నర్సు చూపిన తరువాతే ఇది చేసుకోవాలి. గర్భిణుల్లో కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ కనుక పిక్కలను గట్టిగా పిసకకూడదు. పొట్ట మీద ఒత్తకూడదు.

క్యాన్సర్, లింఫ్ వాపు, బోదకాలు

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో మూడేళ్ళలో మర్దన పొందిన 1,290 మంది తమ నొప్పి, అలసట, వికారం, ఆందోళన వంటి బాధలు అప్పటికప్పుడు సుమారు సగానికి తగ్గినట్టు చెప్పారని 2004 నివేదిక తెలిపింది. ముదిరిన క్యాన్సర్ ఉన్న 380 మందితో 2008లో ప్రచురించిన పరీక్షలో ఒక బృందానికి మర్దన చేశారు, రెండో బృందం ఒంటి మీద చేతులు ఊరికే ఆనించి ఉంచారు. అప్పటికప్పుడు మర్దనే ఎక్కువ ఊరట ఇచ్చింది. వారాలు గడిచాక రెండు బృందాలూ సమానమయ్యాయి. బాధలో ఉన్న మనిషికి గంటసేపు దొరికే ఊరట కూడా విలువైనదే. మర్దన వల్ల క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. అయినా కణితి మీద, రేడియేషన్ ఇచ్చిన చర్మం మీద, క్యాన్సర్ సోకిన ఎముకల మీద ఒత్తకూడదు.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని లింఫ్ గ్రంథులు తీసినప్పుడు కొందరికి చేయి వాస్తుంది. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ 1930ల్లో రూపొందించిన లింఫ్ మర్దనను ఇందుకు వాడతారు. ఒత్తి కట్టే పట్టీలు, వ్యాయామం, చర్మ సంరక్షణ దీనికి తోడవ్వాలి. వాపు తగ్గించడంలో ఎక్కువ పని పట్టీలదే, మర్దన దానికి కొంత కలుపుతుంది. బోదకాలు కూడా లింఫ్ వాపే కనుక, అది చాలా జిల్లాల్లో చిరకాలంగా పీడించిన తెలుగు ప్రాంతానికి ఇది దగ్గరి విషయం. కేరళలోని కాసరగోడ్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ ఆయుర్వేదం, యోగా, లింఫ్ మర్దన, పట్టీలు కలిపి బోదకాలు రోగులకు చికిత్స చేస్తోంది. బోదకాలు వచ్చినవారు రోజూ కాలిని సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, ఎత్తులో పెట్టుకోవడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

ఆటగాళ్ళు

బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 29 అధ్యయనాలను కలిపి చూసి 2020లో ఫలితం చెప్పారు. మర్దన వల్ల పరుగు వేగం, గెంతే ఎత్తు, బలం, ఓర్పు పెరగవు. కండరాల సాగుదల కొద్దిగా మెరుగవుతుంది. వ్యాయామం చేసిన మరునాడు వచ్చే ఒళ్ళు నొప్పులు కొంత తగ్గుతాయి. శిక్షణ కొనసాగించాల్సిన ఆటగాడికి ఆ కొంత కూడా ఉపయోగమే.

ఆధారం లేని ప్రచారాలు

మర్దన లాక్టిక్ ఆమ్లాన్ని పిండేస్తుందన్నది పాత నమ్మకం. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 2010 నాటి పరీక్ష దీన్ని తోసిపుచ్చింది. వ్యాయామం తరువాతి మర్దన రక్తప్రవాహానికి అడ్డుపడి, ఆ ఆమ్లం తొలగడాన్ని ఆలస్యం చేసింది కూడా. విషపదార్థాలు బయటికి పోతాయన్న మాటకు ఆధారం లేదు, ఆ పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. కొవ్వు కరగడం, మధుమేహం కుదరడం, పక్షవాతం నూనెతోనే నయం కావడం వంటి హామీలు నమ్మకూడదు. పక్షవాతంలో మొదటి కొన్ని గంటలు చాలా విలువైనవి. నాలుగున్నర గంటల లోపు ఆసుపత్రికి చేరితే, అవసరమైనవారికి రక్తపు గడ్డను కరిగించే మందు ఇవ్వగలరు. ఆ సమయాన్ని మర్దనతో పోగొట్టుకుంటే తిరిగి రాదు. బీపీ మాత్రలు మానేసి మర్దన మీద ఆధారపడటమూ అంతే ప్రమాదం.

ఎవరు చేయించుకోకూడదు

ఒక కాలు ఉన్నట్టుండి వాచి, నొప్పితో వెచ్చగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అలాంటి కాలును మర్దిస్తే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదు. ఆపరేషన్ తరువాత, చాలాకాలం మంచాన పడ్డాక, సుదీర్ఘ విమాన ప్రయాణం తరువాత ఈ జాగ్రత్త మరీ అవసరం. జ్వరం, చర్మ సంక్రమణ, తెరిచిన గాయం ఉన్నప్పుడు మర్దన వద్దు. ఎముకలు గుల్లబారినవారు, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు గట్టి మర్దన చేయించుకోకూడదు. మధుమేహంతో పాదాలకు స్పర్శ తగ్గినవారికి నూనె వేడి తెలియదు, కాలి బొబ్బలెక్కే ప్రమాదం ఉంది.

దెబ్బ తగిలి వాచిన చోట మొదటి రెండు మూడు రోజులు రుద్దకూడదు. బెణుకు అనుకున్నది ఎముక విరుపు కావచ్చు, ఎక్స్‌రే తీసి చూడాలి. ముఖ్యంగా పిల్లల మోచేతికి దెబ్బ తగిలినప్పుడు బలంగా మర్దిస్తే కండరంలోనే ఎముక పెరిగి, కీలు శాశ్వతంగా బిగుసుకుపోతుంది. మన ప్రాంతపు ఎముకల వైద్యులకు ఇది బాగా పరిచయమైన, పూర్తిగా నివారించదగిన నష్టం. క్షవరశాలలో మెడను టక్కున తిప్పి విరవడం హానికరం. మెదడుకు రక్తం మోసే ధమని గోడ చిట్లి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మంగలి తల మర్దన చేయవచ్చు. మెడ విరవడానికి ఒప్పుకోకండి.

నిపుణుణ్ణి ఎంచుకోవడం

జబ్బుకు చికిత్సగా మర్దన కావాలంటే ముందు రోగ నిర్ధారణ జరగాలి. ఫిజియోథెరపిస్టులు 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి వస్తారు. ఆయుర్వేద, యునానీ చికిత్స అయితే ఆ వైద్యశాస్త్రాల్లో పట్టా పొంది నమోదైన వైద్యుల పర్యవేక్షణలో తీసుకోవాలి. మంచి నిపుణుడు మొదట మీ జబ్బులూ మందులూ అడిగి తెలుసుకుంటాడు, ఎక్కడ ముట్టుకోవద్దంటే అక్కడ ముట్టుకోడు, నొప్పి అనగానే ఒత్తిడి తగ్గిస్తాడు. భరించలేని నొప్పి గుణానికి గుర్తు కాదు. మర్దన తరువాత ఒకటి రెండు రోజులు కండరాలు కొద్దిగా సలపడం మామూలే. తిమ్మిరి, బలహీనత, తల తిరగడం వస్తే వెంటనే డాక్టరును కలవాలి.

మొత్తం మీద

నొప్పికీ దిగులుకూ ఊరట కోరేవారికి మర్దన మంచి సాధనం. సరైన మనిషికి, సరైన చేత్తో చేస్తే అపాయం చాలా తక్కువ. వ్యాయామం, నడక, మంచి నిద్ర, అవసరమైన మందు పక్కన నిలబెట్టినప్పుడే దాని మేలు నిలుస్తుంది. నడుము నొప్పికి మర్దన చేయించుకుంటున్నవారు, నొప్పి తగ్గిన ఆ రోజుల్లోనే ఫిజియోథెరపిస్టు చెప్పిన కసరత్తులు మొదలుపెట్టండి. మీ ఇంట్లో పసిబిడ్డకు నూనె రాసే పెద్దవారికి ముక్కులో, చెవుల్లో నూనె పోయవద్దని ఈరోజే చెప్పండి. ఒక కాలే వాచినా, దెబ్బ తగిలి కీలు కదలకపోయినా, మూతి వంకరపోయినా మర్దన కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.